సాయంకాలపు ప్రార్థనలో ఒక మాట



మా ఊళ్ళో ఇశ్రాయేలు తాత ఉండేవాడు. ఎండాకాలం వేపచెట్టు కింద కూర్చుని ఈతాకు చాపలు అల్లేవాడు. ఆయన భార్య శారమ్మ. పెద్దకొడుకు దావీదు, రెండోవాడు దానియేలు, కూతురు రూతు. ఆదివారం గుడిలో అయ్యగారు హాజరు పిలిచినట్టు పేర్లు పిలుస్తుంటే యోసేపు, బెన్యామీను, ఎస్తేరు, రాహేలు అంటూ ఒకరి తర్వాత ఒకరు పలికేవాళ్ళు. అవన్నీ మా పేర్లే అనుకుంటూ పెరిగాను. ఎక్కడి పేర్లు, ఎవరి దగ్గర తీసుకున్నాం అన్న ఆలోచన మా గుంటూరు జిల్లా పల్లెలో ఎవరికీ వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

చాలా ఏళ్ళ తర్వాత, బడిలో పంతులమ్మగా పని చేస్తున్న రోజుల్లో, ఒక పుస్తకంలో ఓ సంగతి చదివి ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. 1938 ఆగస్టులో హిట్లర్ ప్రభుత్వం జర్మనీలో ఒక ఉత్తర్వు తెచ్చింది. చూడగానే యూదులని తెలిసే పేరు లేని యూదులంతా తమ పేరుకు ఇంకో పేరు తగిలించుకోవాలి. మగవాళ్ళయితే ఇశ్రాయేలు, ఆడవాళ్ళయితే శారా. 1939 జనవరి 1 నుంచి అది అమలైంది. గుర్తింపు కార్డు మీద, ఇంటి అద్దె కాగితం మీద, ఎక్కడ సంతకం పెట్టినా ఆ పేరు ఉండాలి. మా ఊళ్ళో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, నెత్తిన నూనె రాసి, మురిపెంగా పెట్టుకున్న పేర్లు అక్కడ మనుషులను వేరుచేసి పట్టుకోవడానికి పనికొచ్చాయి. నాకు ఇశ్రాయేలు తాత, శారమ్మ అవ్వ కళ్ళ ముందు మెదిలారు.

యూదు ప్రజల కోసం క్రైస్తవులు ఎందుకు ప్రార్థన చేయాలి అన్న ప్రశ్న నాకు అక్కడ మొదలైంది. దాని గురించే ఈ కాసేపు మీతో మాట్లాడతాను.

ముందు ఒక మనిషి సంగతి చెప్పాలి. ఆయన పేరు బెర్న్‌హార్డ్ లిక్టెన్‌బెర్గ్. కతోలిక గురువు. 1875లో సైలీషియా ప్రాంతంలోని ఓలావు అనే చిన్న పట్టణంలో పుట్టారు. 1899లో గురుపట్టం పుచ్చుకున్నారు. ఆ మరుసటి ఏడు బెర్లిన్ వచ్చి, బతుకంతా ఆ నగరంలోనే సేవ చేశారు. చివరికి సెయింట్ హెడ్విగ్ కథీడ్రల్‌కు ప్రధాన గురువు అయ్యారు. ఆ గుడి గుండ్రంగా, పెద్ద గోపురంతో నగరం నడిబొడ్డున ఒపేరా భవనం పక్కన ఉంటుంది. దాని ముందున్న మైదానంలోనే 1933 మే 10న నాజీ విద్యార్థులు పుస్తకాలు కుప్ప పోసి తగలబెట్టారు.

ఐదేళ్ళు గడిచాయి. 1938 నవంబరు 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలకు నిప్పు పెట్టారు. దుకాణాల అద్దాలు పగలగొట్టారు. దాదాపు 30,000 మంది యూదు పురుషులను పట్టుకుని నిర్బంధ శిబిరాలకు తోలారు. మంటలు పక్క ఇళ్ళకు అంటుకోకుండా చూడటానికి మాత్రమే ఫైరింజన్లు నిలబడ్డాయి. ఆ తర్వాతి రోజు పొద్దున పట్టణాల్లో జనం గాజుముక్కలు తొక్కుకుంటూ పనులకు పోయారు. గుళ్ళలో చాలామంది బోధకులు ఆ ఊసే ఎత్తలేదు.

లిక్టెన్‌బెర్గ్ ఎత్తారు. ఆయన గుడిలో రోజూ సాయంకాలం ప్రార్థన జరిగేది. బయట యూదుల మందిరం కాలిపోతోందనీ, అది కూడా దేవుని ఇల్లేననీ బలిపీఠం దగ్గర నిలబడి అందరికీ వినపడేలా చెప్పి, యూదుల కోసం ప్రార్థించారు. ఆ ఒక్క రోజుతో ఊరుకుంటే చరిత్రలో ఒక వాక్యం అయ్యేది. మర్నాడు సాయంత్రం మళ్ళీ ప్రార్థించారు. ఆ తర్వాతి రోజూ అంతే. అలా దాదాపు మూడేళ్ళు, చీకటి పడే వేళ, యూదుల కోసమూ శిబిరాల్లో ఉన్న ఖైదీల కోసమూ నోరు తెరిచి, గొంతు ఎత్తి ప్రార్థన చేశారు. విన్నవాళ్ళలో కొందరు ఆమేన్ అని ఉంటారు. కొందరు తలవంచుకుని వెళ్ళిపోయి ఉంటారు.

1941 ఆగస్టు 29 సాయంత్రం గుడి చూద్దామని ఇద్దరు విద్యార్థినులు లోపలికి వచ్చారు. ప్రార్థన వింటున్నారు. యూదుల పేరు వినపడింది. వాళ్ళు మనసు నొచ్చుకుని ఫిర్యాదు చేశారు. అది గెస్టపో దాకా, అంటే రహస్య పోలీసుల దాకా వెళ్ళింది. అక్టోబరు 18న బెర్లిన్ నుంచి యూదులను నింపుకున్న మొదటి రైలు పోలండ్‌లోని లోజ్ ఘెట్టోకు, అంటే యూదులను నిర్బంధించిన పేటకు, బయలుదేరింది. ఇంకో ఐదు రోజులకు, 23న, లిక్టెన్‌బెర్గ్‌ను అరెస్టు చేశారు. ఇల్లు సోదా చేస్తే ఒక కాగితం దొరికింది. యూదులకు సాయం చేసేవాడు దేశద్రోహి అనే అర్థంతో ఆ రోజుల్లో ఇంటింటికీ ఊరూపేరూ లేని కరపత్రాలు పంచేవాళ్ళు. వాటిని నమ్మవద్దనీ, నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించమన్న ప్రభువు ఆజ్ఞ ప్రకారమే నడుచుకోమనీ గుడిలో చదవడానికి ఆయన రాసి పెట్టుకున్న కాగితం అది. చదివే లోపే పోలీసులు వచ్చారు.

పోలీసులు విచారిస్తుంటే ఆయన దేన్నీ దాచలేదు. లోజ్‌కు తోలేసిన యూదులతో పాటు తననూ పంపమని, అక్కడ వాళ్ళకు తోడుగా ఉంటానని అడిగారు. 1942 మే 22న కోర్టు రెండేళ్ళ జైలు శిక్ష వేసింది. అప్పటికే గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు. శిక్ష ముగిసే రోజుల్లో ఆయన పీఠాధిపతి జైలుకు వెళ్ళి, యుద్ధం అయ్యేదాకా ప్రసంగాలు చేయనని మాటిస్తే వదిలేస్తామంటున్నారని చెప్పారు. లిక్టెన్‌బెర్గ్ ఒప్పుకోలేదు. శిక్ష అయిపోయినా ఇంటికి పంపకుండా డాఖౌ శిబిరానికి తరలిస్తుండగా, దారిలో హోఫ్ అనే ఊళ్ళో 1943 నవంబరు 5న చనిపోయారు. అరవై ఎనిమిదో ఏడు నిండటానికి ఇంకా నెల రోజులుంది.

నేనీ కథను తలచుకున్నప్పుడల్లా నన్ను పట్టి నిలిపేది ఒక చిన్న వివరం. కతోలిక సంఘంలో శ్రమల శుక్రవారం రోజున, మనం గుడ్ ఫ్రైడే అంటాం, అందరి కోసం విజ్ఞాపన ప్రార్థనలు వరసగా చేస్తారు. సంఘం కోసం, అధికారుల కోసం, కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్ళ కోసం. ఆ వరసలో యూదుల కోసం కూడా ఒక ప్రార్థన శతాబ్దాలుగా ఉంది. లాటిన్‌లో ఉన్న ఆ ప్రార్థన యూదులను ఒక విశేషణంతో పిలిచేది. దాని మూలార్థం విశ్వాసం లేనివారు అని పండితులు చెబుతారు. కానీ జనం చెవికి వినపడింది మాత్రం నమ్మకద్రోహులు అనే. మిగతా ప్రతి ప్రార్థనకూ మోకాళ్ళూనమని గురువు చెబుతాడు. యూదుల కోసం ప్రార్థన వచ్చేసరికి ఎవరూ మోకరించేవారు కాదు. యూదులు మోకరించి యేసును వెక్కిరించారు కాబట్టి ఈ ఒక్క చోట మనం మోకరించకూడదని దానికి కారణం చెప్పేవాళ్ళు. సువార్త తెరిచి చూడండి. మోకాళ్ళూని వెక్కిరించింది రోమా సైనికులు.

లిక్టెన్‌బెర్గ్ కూడా గురువే కదా. పట్టం పుచ్చుకున్న నాటి నుంచి ఏటేటా గుడ్ ఫ్రైడే నాడు ఆ మాటే చదివి ఉంటారు, ఆ చోట మోకరించకుండానే నిలబడి ఉంటారు. పుస్తకంలో ఉన్నది అదే మరి. 1928లో కొందరు గురువులు, కార్డినల్స్ కలిసి ఆ మాట తీసేయమని రోమ్‌ను అడిగారు. రోమ్ ఒప్పుకోలేదు సరికదా, వాళ్ళ సంఘాన్నే రద్దు చేసింది. సరిగ్గా పదేళ్ళకు మందిరాలు తగలబడ్డాయి. అలాంటి పుస్తకం చేతిలో ఉన్న మనిషి, ఏడాదికోసారి ఒక తిట్టుమాటతో చేసే ప్రార్థన దగ్గరే ఆగిపోకుండా, రోజుకోసారి పొరుగువాడి కోసం చేసే ప్రార్థనను అందుకున్నాడు. నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని ఇదే.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మేము లూథరన్లం. 1842లో మిషనరీ హయ్యరు అయ్యగారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మా వాళ్ళది ఆ సంఘమే. నా తొమ్మిదో ఏట మా గుడిలో గుడ్ ఫ్రైడే నాటకం వేశారు. యేసు ప్రభువుకూ శిష్యులకూ తెల్లబట్టలు. యూదులు అని రాసిన కాగితం ముక్కలు గుండెల మీద పిన్నుతో గుచ్చుకున్న పెద్దపిల్లలకు నల్లదుప్పట్లు, బొగ్గుతో గీసిన మీసాలు. వాళ్ళు పిడికిళ్ళు ఎత్తి అరుస్తుంటే మేం చిన్నపిల్లలం ఏడ్చాం. తర్వాత చాలా రోజులు యూదుడు అనే మాట వింటే ఆ బొగ్గు మీసాలే గుర్తొచ్చేవి. తెల్లబట్టల్లో ఉన్నవాళ్ళు కూడా యూదులేనని, సిలువ కింద ఏడుస్తున్న ఆ తల్లి యూదు స్త్రీ అని, సిలువ మీద వేలాడుతున్నవాడే యూదుడని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, వాళ్ళకూ ఎవరూ చెప్పి ఉండరు.

మా సంఘం ఎవరి పేరు పెట్టుకుందో ఆ మార్టిన్ లూథర్ 1543లో యూదుల మీద ఒక పుస్తకం రాశాడు. వాళ్ళ మందిరాలకు నిప్పు పెట్టమని, ఇళ్ళు కూల్చమని అందులో రాశాడు. కృప గురించి అంత గొప్పగా చెప్పిన మనిషి ఆ మాటలు కూడా రాశాడని తెలిసినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. 1938లో మందిరాలు కాలిన ఆ రాత్రి తెల్లవారితే నవంబరు 10, లూథర్ పుట్టినరోజు. తురింగియా ప్రాంతపు లూథరన్ బిషప్ మార్టిన్ సాసె దాన్ని శుభసూచకంగా చెప్పుకుంటూ, లూథర్ మాటలు పోగేసి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు.

అదే రోజుల్లో మరో లూథరన్ పాస్టరు, డీట్రిక్ బాన్‌హోఫర్, తన బైబిల్లో 74వ కీర్తన తెరిచాడు. దేశంలోని దేవుని మందిరాలన్నిటినీ శత్రువులు కాల్చేశారని మొరపెట్టుకునే వచనం ఉంది అక్కడ. ఆ వచనం పక్కన పెన్సిలుతో తారీఖు వేసుకున్నాడు, 9.11.38 అని. మరే మాటా రాయలేదు. ఒకే సంఘం, ఒకే బైబిలు. ఒకడు పుస్తకం అచ్చు వేశాడు, మరొకడు కీర్తన అంచున తారీఖు రాసుకున్నాడు. ఆ బైబిలు ఇప్పటికీ ఉంది. బాన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఉరి తీశారు.

మన గుంటూరుకు మిషనరీలను పంపిన అమెరికా లూథరన్ సంఘాల వారసత్వం ఇప్పుడు ఏ సంఘానికి దక్కిందో ఆ సంఘమే 1994లో యూదు సమాజానికి బహిరంగంగా ఒక ప్రకటన ఇచ్చింది. లూథర్ రాసిన ఆ మాటలను తాము త్రోసిపుచ్చుతున్నామని, వాటివల్ల జరిగిన కీడుకు దుఃఖిస్తున్నామని చెప్పింది. ఆ ప్రకటనను మన తెలుగు సంఘాల్లో చదివి వినిపించగా నేనెన్నడూ వినలేదు. వినిపించాల్సిన మాట అది.

కతోలిక సంఘమూ మారింది. పన్నెండో భక్తినాథ పోపుగారు 1955లో యూదుల ప్రార్థన దగ్గర కూడా మోకరించమన్నారు. 1959లో ఇరవై మూడో యోహాను పోపుగారు ఆ విశేషణాన్ని తీయించేశారు. 1960 జూన్ 13న జూల్ ఐజాక్ అనే ముసలాయన ఆయనను కలిశారు. ఫ్రాన్స్‌లో చరిత్ర పాఠ్యపుస్తకాలు రాసిన యూదు పండితుడు. భార్యను, కూతురిని ఆష్‌విట్జ్‌లో పోగొట్టుకున్నవాడు. క్రైస్తవ బోధలో యూదుల పట్ల తిరస్కారం ఎక్కడెక్కడ నూరిపోశారో ఏళ్ళ తరబడి వెతికి రాసుకున్న సంగతులను పోపుగారి ముందు పెట్టారు. ఆ ముసలాయన పట్టుదల ఊరికే పోలేదు. 1965 అక్టోబరు 28న వాటికన్ మహాసభ, యేసు మరణం నేరాన్ని యూదు జాతి మొత్తం మీద మోపకూడదని ప్రకటించింది. అప్పటికి ఐజాక్ లేరు, రెండేళ్ళ కిందటే కన్నుమూశారు. 1970లో గుడ్ ఫ్రైడే ప్రార్థనను పూర్తిగా తిరగరాశారు. దేవుని మాట మొట్టమొదట విన్నది యూదులేనని, ఆయన నామం పట్ల ప్రేమలోనూ ఆయన నిబంధన పట్ల నమ్మకత్వంలోనూ వాళ్ళు ఎదగాలని ఇప్పుడు ఆ ప్రార్థన అడుగుతుంది. వరసలో మిగతా ప్రార్థనలతో పాటే నిలబడి ఉంది.

ఇదంతా విని మీలో ఎవరైనా అడగవచ్చు. సరే అమ్మా, వాళ్ళ పట్ల అన్యాయం జరిగింది, పశ్చాత్తాపపడదాం. కానీ ప్రత్యేకించి ప్రార్థన ఎందుకు? లోకంలో బాధపడే జాతులు ఎన్ని లేవు?

దానికి నా జవాబు పౌలు భక్తుడు రోమా సంఘానికి రాసిన పత్రికలో ఉంది. తొమ్మిదో అధ్యాయం నుంచి పదకొండు దాకా ఈసారి ఒక్క బిగిన చదవండి, మధ్యలో ఆపకండి. తన రక్తసంబంధుల గురించి మాట్లాడుతూ ఆయన మనసు ఎంత కలత చెందిందో చూడండి. వాళ్ళ కోసం తాను శాపగ్రస్తుడైనా సరేనంటాడు. అంత మాట ఇంకెక్కడా అనలేదు ఆయన. ఆ తర్వాత ఒక చెట్టును చూపిస్తాడు. ఒలీవ చెట్టు. ఇశ్రాయేలు ఆ చెట్టు అనీ, అన్యజనులమైన మనం అడవి కొమ్మలమనీ, మనల్ని తెచ్చి దానికి అంటు కట్టారనీ అంటాడు.

మనకు అంటు కట్టడం తెలుసు. నూజివీడు తోటల్లో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పుల్లటి కాయలు కాసే నాటు మొక్క తెచ్చి, దాని మీద తీపి మామిడి కొమ్మ పెట్టి కడతారు. పిచ్చి మొక్క మీద ఎవరూ తెలిసి పిచ్చి కొమ్మ కట్టరు, మంచి మొక్క మీద అసలే కట్టరు. పౌలు చెప్పింది తిరగేసి ఉంది. మంచి చెట్టుకు అడవి కొమ్మ కట్టాడట దేవుడు. ఇది స్వభావానికి విరుద్ధమని పౌలే ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, కొమ్మలకు ఒక హెచ్చరిక చేస్తాడు. వేరును నువ్వు మొయ్యడం లేదు, వేరే నిన్ను మోస్తోంది, కాబట్టి అతిశయపడకు అన్న అర్థం వచ్చేలా. మిగిలిన జాతుల కోసం మనం జాలితో ప్రార్థిస్తాం, అది మంచిదే. యూదుల కోసం ప్రార్థించేటప్పుడు మనకు అన్నం పెట్టిన ఇంటి కోసం ప్రార్థిస్తున్నాం. ఆ రుణం సంగతి వేరు.

గుడ్ ఫ్రైడే నాడు మన గుళ్ళలో మూడు గంటలు కూర్చుని ఏడు మాటలు ధ్యానిస్తాం కదా. నాలుగో మాట ఎక్కడిది? 22వ కీర్తన మొదటి వచనం. ఏడో మాట 31వ కీర్తన లోది. చివరి ఊపిరిలో యేసు నోటికి వచ్చింది కీర్తనల్లోని ప్రార్థనే. ఆ 31వ కీర్తన మాటను యూదులు ఈనాటికీ రాత్రి పడుకోబోయే ముందు చెప్పుకుంటారు. మనం కన్నీళ్ళతో ధ్యానించే ఆ మాట, యూదు ఇళ్ళలో పిల్లలు ఆవలిస్తూ, కళ్ళు మూతలు పడుతూ చెప్పే మాట.

మా చిన్నక్క కోడలు పాలకొల్లు నుంచి ఇజ్రాయెల్ వెళ్ళింది. హైఫాలో ఒక ముసలామెను చూసుకునే పని. మన గోదావరి జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి ఈ పనికి వెళ్ళినవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. ఒక శుక్రవారం నేను వీడియో కాల్ చేస్తే ఫోను ఎత్తి గుసగుసగా అంది.

"చిన్నత్తయ్యా, ఒక్క నిమిషం మాట్లాడకండి. సవ్తా దీపాలు వెలిగిస్తోంది."

సవ్తా అంటే హెబ్రీలో అమ్మమ్మ. ఫోను బల్లకు ఆనించి పెట్టింది. నేను చూస్తున్నాను. తొంభై దగ్గరపడిన మనిషి, రుమేనియాలో పుట్టి చిన్నపిల్లగా యుద్ధం నుంచి బయటపడి వచ్చిందట. తల మీద రుమాలు కట్టుకుంది. బల్ల మీద అల్లిన రొట్టెలు రెండు, వాటి మీద కుట్టుపని చేసిన గుడ్డ. రెండు కొవ్వొత్తులు. వణికే చేత్తో వెలిగించి, ఆ వెలుగును మూడుసార్లు తన వైపుకు తీసుకున్నట్టు చేతులు తిప్పి, రెండు అరచేతులతో కళ్ళు మూసుకుంది. మన వాళ్ళు హారతి కళ్ళకద్దుకున్నట్టే అనిపించింది నాకు. ఆశీర్వాదం చెప్పడం అయిపోయాక కూడా చేతులు తీయలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. చాలాసేపు అలాగే ఉంది.

అంతా అయ్యాక, అంతసేపు ఏం చెప్పుకుంటుందే అని అడిగాను మా కోడలిని.

"పిల్లల పేర్లు చెబుతుంది చిన్నత్తయ్యా. కొడుకులు, కూతుళ్ళు, మనవలు, అందరివీ. చివర్లో మన హన్నా, మన సమూయేలు పేర్లు కూడా చెబుతుంది. నేను వచ్చిన రెండో వారం నుంచీ చెబుతోంది."

పాలకొల్లులో నాయనమ్మ దగ్గర పెరుగుతున్న మా పిల్లల కోసం హైఫాలో ఒక యూదు ముసలామె ప్రతి శుక్రవారం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. ఆ పేర్లు ఆమె భాషలోవే కాబట్టి మనకంటే బాగా పలుకుతుందట. ఆ రాత్రి మా కుటుంబ ప్రార్థనలో ఆమె పేరు చెప్పాను. అంతకు ముందు ఎన్నడూ చెప్పలేదని అప్పుడే నాకు తట్టింది.

వాళ్ళు యేసును నమ్ముకోవాలని ప్రార్థించాలా అని మన వాళ్ళు తప్పకుండా అడుగుతారు. నేను యేసే క్రీస్తని నమ్ముతాను, దాచుకోను. అయితే చరిత్ర చదివాక ఈ విషయంలో నా నోరు నెమ్మదించింది. రోము నగరంలో యూదులను బలవంతంగా కూర్చోబెట్టి మతం మార్చే ప్రసంగాలు వినిపించేవాళ్ళు, 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా. బలవంతపు బాప్తిస్మాలు, దేశబహిష్కారాలు సరేసరి. అలాంటి జ్ఞాపకం ఉన్నవాళ్ళకు మన ప్రార్థన బెదిరింపులా వినపడితే తప్పు వాళ్ళది కాదు. పౌలే ఆ మూడు అధ్యాయాల చివర, దేవుని ఆలోచనలు మనకు అందనివని ఒప్పుకుని స్తుతితో ముగించాడు. దేవుడు వాళ్ళకిచ్చిన మాట తప్పడని మాత్రం గట్టిగా చెప్పాడు. ఆయన ఆగిన చోటే నేనూ ఆగుతాను. వాళ్ళ క్షేమం కోసం, వాళ్ళ పిల్లల కోసం, వాళ్ళ మందిరాల తలుపుల దగ్గర ఎవరూ తుపాకులతో నిలబడే పని లేని రోజు కోసం ప్రార్థిస్తాను.

ఇంకొక మాట కూడా చెప్పి తీరాలి. యూదుల కోసం ప్రార్థించడమంటే ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసే ప్రతి పనికీ ఆమేన్ చెప్పడం కాదు. మన గుళ్ళలో కొన్నిచోట్ల ఈ రెండింటినీ కలిపేస్తున్నారు, అది నాకు బాధగా ఉంది. 2023 అక్టోబరు 7న హమాస్ మూకలు సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోయాయి. ఆ తర్వాత జరిగిన యుద్ధంలో గాజాలో పదుల వేలమంది చనిపోయారు. వాళ్ళలో పిల్లలు ఎందరో. అదే అక్టోబరులో గాజాలోని సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో తలదాచుకున్న క్రైస్తవులు కూడా బాంబు దాడిలో పోయారు. యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించమని 122వ కీర్తన అడుగుతుంది. యెరూషలేములో యూదులూ ఉన్నారు, అరబ్బులూ ఉన్నారు, ఇద్దరికీ పిల్లలున్నారు. ఒక తల్లి కోసం చేసే ప్రార్థన ఇంకో తల్లికి శాపమైతే అది ప్రభువు చెవికి ఎక్కదు. హైఫాలో సైరన్ మోగినప్పుడు సవ్తాను పట్టుకుని మెట్లు దిగే మా కోడలి కోసం ప్రార్థిస్తూ, గాజాలో దిగడానికి మెట్లే మిగలని పిల్లల కోసం ప్రార్థించకుండా నేను లేవలేను.

యూదులు ఎక్కడో దూరాన ఉన్నారనుకుంటాం. కానీ చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము సంతతివాళ్ళమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు శనివారం విశ్రాంతి దినం ఆచరిస్తున్నాయి. వాళ్ళకక్కడ ఒక ప్రార్థనా మందిరమూ ఉంది. మన మాటే మాట్లాడతారు, మన సంతలోనే కూరలు కొంటారు. ముంబయిలో 2008 నవంబరు 26 ఉగ్రవాద దాడుల్లో నారిమన్ హౌస్ అనే యూదుల కేంద్రంలో రబ్బీ గావ్రియేల్ హోల్ట్జ్‌బర్గ్‌ను, ఆయన భార్య రివ్కాను చంపేశారు. వాళ్ళ రెండేళ్ళ కొడుకు మోషేను ఎత్తుకుని బయటికి పరిగెత్తి బతికించింది, మన దేశపు క్రైస్తవురాలు, ఆ ఇంటి ఆయా సాండ్రా సామ్యూల్.

శ్రోతలారా, నేను అడగదలచుకున్నది చిన్న విషయమే. శుక్రవారం పొద్దు వాలే వేళ ప్రపంచమంతటా యూదు స్త్రీలు దీపాలు వెలిగించి కళ్ళు మూసుకుంటారు. అదే సాయంత్రం మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన జరుగుతుంది. మీ పిల్లల పేర్లు చెప్పాక, ఊరి కోసం, దేశం కోసం అడిగాక, యూదు ప్రజల కోసం కూడా ఒక్క మాట అడగండి. పక్కవాళ్ళకు వినపడేలా, గొంతు ఎత్తి అడగండి. వచ్చే గుడ్ ఫ్రైడేకి మీ సంఘంలో పిల్లల చేత నాటకం వేయిస్తున్నట్టయితే, దయచేసి ఆ నల్లదుప్పట్లు, బొగ్గు మీసాలు వద్దని అయ్యగారికి చెప్పండి. తెల్లబట్టల్లో ఉన్నవాళ్ళు ఎవరో కూడా పిల్లలకు చెప్పండి.